అసనాలి పోసిన నేల

మెలిస్ కొత్త టేపు కొన్నాడు. పాతదానికి ఏ రోగమూ లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ చేతిలో నలిగిన టేపు. అంకెలు సగం చెరిగిపోయినా ఎక్కడ ఏ అంకె ఉందో అతని బొటనవేలికి తెలుసు. అయినా సరే, మంగళవారం పొద్దున్నే బజారుకు పోయి కొత్తది తెచ్చాడు. కార్లు బాగుచేసే షెడ్డులోకి ఇంకెవరూ రాకముందే రెండు టేపులూ బల్ల మీద పక్కపక్కన పరిచి, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. రెండూ ఒకే మాట చెప్పాయి. అంటే తప్పు టేపుది కాదన్నమాట. ఇక మిగిలింది తన కన్ను, తన చెయ్యి. యాభయ్యారేళ్ళ పనివాడికి అంతకంటే చేదు సంగతి ఇంకేముంటుంది?

పదింటికల్లా టాక్సీ నడిపే కెనెష్ వచ్చేశాడు. మొన్ననే అతని కారుకు ఎత్తు మార్చుకోగల సర్దుబాటు స్ప్రింగులు బిగించి, నాలుగు మూలలూ సమానంగా ఎత్తు కట్టి పంపించాడు మెలిస్.

"అన్నా, ఒకసారి ముందుకొచ్చి నిలబడి చూడండి. తాగొచ్చిన మా బావలా కుడిపక్కకి ఒరిగి నుంచుంది. ప్యాసింజర్లు నవ్వుతున్నారు!"

మెలిస్ ముందుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. నిజమే. కుడి ముందు చక్రం మీద మడ్ గార్డు వేలి మందం కిందికి దిగి ఉంది. తాను వదిలినప్పుడు నాలుగు మూలలూ ఒక్క మిల్లీమీటరు తేడా లేకుండా ఉన్నాయి. ఆ అంకెలు ఇంకా గోడ మీద సుద్దతో రాసే ఉన్నాయి.

ఉర్మత్ ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు. షెడ్డు అతనిది. అంటే అతని తండ్రి అసనాలిది. ముసలాయన పోయి మూడేళ్ళయింది. ఆఫీసు గుమ్మం పక్కన తెల్ల టోపీ పెట్టుకున్న ఆయన ఫొటో ఉంటుంది. దాని కిందే ఒక మేకు, ఆ మేకుకు చుట్ట చుట్టిన పారదర్శకమైన రబ్బరు గొట్టం. షెడ్డు కట్టిన రోజు నీళ్ళు పోసి నేల మట్టం చూడ్డానికి ముసలాయన వాడిన గొట్టం అది. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"వసంతం నుంచి ఇది మూడో కారు," అన్నాడు ఉర్మత్. కెనెష్ ఎదురుగానే అన్నాడు. "మూడూ అదే మూల, అదే వంకర. అన్నా, ఇంకొక్కటి ఇలా తిరిగొచ్చిందంటే ఎత్తుల పని వదిలెయ్. కింద గుంటలో నూనెలు మార్చుకో. ఈ పనికి వేరే మనిషిని చూసుకుంటాను."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉర్మత్ అతన్ని "మీరు" అనే పిలిచాడు. ఈ ఊళ్ళో పెద్దవాణ్ణి ఏకవచనంలో పిలిస్తే చెంప మీద కొట్టినట్టే. కెనెష్ అంతటి నోరున్నవాడు కూడా తల దించుకుని తన బూట్ల వంక చూసుకున్నాడు. మెలిస్ మాత్రం స్ప్రింగు రింగులు తిప్పే కొక్కెం స్పానరు తీసుకుని కారు కిందికి దూరాడు.

బుధవారం మధ్యాహ్నం ఒక చిన్న నీలం కారు గేటు దాటి లోపలికొచ్చి హారన్ కొట్టింది. మన వీధుల్లో సగం కార్లలాగే జపాన్ నుంచి వచ్చింది. మామూలుగా ఇక్కడ ఎడమవైపుండే స్టీరింగు దీనికి కుడివైపు ఉంది. స్టీరింగు పక్కన పొడవాటి ఇనుప కడ్డీ ఒకటి బిగించి ఉంది. నొక్కితే బ్రేకు, తిప్పితే వేగం. కారు నడుపుతున్న అమ్మాయికి ముప్పయ్యేళ్ళుంటాయి. పేరు ఐచురెక్. పక్క సీట్లో చక్రాలు ఊడదీసిన కుర్చీ, వెనక సీట్లో అట్టపెట్టె నిండా కొత్త సర్దుబాటు స్ప్రింగులు.

ఉర్మత్ కిటికీ దగ్గరికి రానైతే వచ్చాడు గానీ మాట్లాడింది మాత్రం మెలిస్‌తో. "ఆవిడకి ఎంత కిందికి దించాలట?"

"ఆవిడ ఇక్కడే ఉంది," అంది ఐచురెక్. "ఆవిడ కాళ్ళే పనిచెయ్యవు. చెవులు, నోరు బాగానే ఉన్నాయి. ఆవిడనే అడగండి."

ఉర్మత్ ఇబ్బందిగా నవ్వాడు. నవ్వి, అలవాటు కొద్దీ తాననుకున్నదే చేశాడు. ఇద్దరు పనివాళ్ళను పిలిచి, ఆమెను ఒక్క మాట కూడా అడక్కుండా, చంకల్లో చేతులేసి ఎత్తించి ఆఫీసు సోఫా మీద కూర్చోబెట్టించాడు. కుర్చీ లోపలుంటే నూనె మరకలవుతాయని బయట పెరట్లో పెట్టించాడు. టీ పోయించాడు కూడా. పిడిలేని ఆ గిన్నె, పియాలా, మాత్రం ఆమె చేతికి అందనంత దూరంలో, కిటికీ గట్టు మీద పెట్టారు. ఇదంతా మెలిస్ చూశాడు. చూసి, తన నోరు తన అదుపులో ఉంచుకున్నాడు. నిన్నటి మాట ఇంకా పచ్చిగానే ఉంది మరి. లోపలికెళ్ళి ఆ పియాలా తీసి ఆమె చేతికిచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఎందుకు దించాలమ్మా? అందానికైతే కాదుగా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఈ షెడ్డులో ఆమెను ఏదైనా అడిగిన మొదటి మనిషి అతనే.

"నా కుర్చీ మెత్త నేల నుంచి యాభైరెండు సెంటీమీటర్లు, బాబాయ్. కారు సీటు, నేను కూర్చున్నాక, యాభయ్యారున్నర. సీటు ఎంత దిగుతుందో అంతా దించేశాను. మిగిలిన ఆ నాలుగున్నర ఎక్కాలంటే మా పక్కింటి తొక్తగుల్ రావాలి. వచ్చి బస్తాలా ఎత్తి లోపలేస్తాడు. మంచివాడే పాపం. కానీ రోజుకి నాలుగుసార్లు బస్తా కావడం నాకిష్టం లేదు. సోమవారం బడి తెరుస్తారు. ఆరో తరగతికి లెక్కలు చెప్పాలి నేను. బడి దగ్గరికి తొక్తగుల్ రాడుగా."

"రెండూ సమానమైతే?"

"చెక్క పలక వేసుకుని ఇటు నుంచి అటు జరిగిపోతా. అటు నుంచి ఇటూ అంతే. ఎవరి సాయమూ అక్కర్లేదు."

మెలిస్ పెరట్లోకెళ్ళి కుర్చీ మెత్త ఎత్తును పాత టేపుతో ఒకసారి, కొత్త టేపుతో ఒకసారి కొలిచాడు. యాభైరెండు. ఆ పిల్ల మాటలో తేడా లేదు.

ఆ రోజు అతను పనిచేసిన తీరు చూసి తీరాలి. పాత స్ప్రింగులు విప్పి కొత్తవి ఎక్కించడం ఎవరైనా చేస్తారు. ఎత్తు కట్టడమే విద్య. స్ప్రింగు కింద మర తిరిగిన రింగు ఉంటుంది. దాన్ని కిందికి తిప్పితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. మొదట నాలుగు మూలలా రింగులు సమానంగా పెట్టాడు. కారును చక్రాల మీదికి దించి, రెండడుగులు ముందుకూ వెనక్కీ దొర్లించి, నాలుగు మూలలా బరువంతా వేసి ఊపాడు. అప్పుడే దించిన కారు కాళ్ళు బిగబట్టుకుని నిలబడుతుంది, ఆ ఎత్తు నమ్మడానికి లేదు. ఆ తర్వాత ఐచురెక్‌ను స్టీరింగు ముందు కూర్చోబెట్టించాడు. "డ్రైవరు లేకుండా కట్టిన ఎత్తు, పెళ్ళికూతురు లేకుండా కుట్టిన రవిక ఒకటే," అన్నాడు. డిక్కీలో కారు నడిచే గ్యాస్ సిలిండరు నిండుగా ఉందా అని అడిగాడు. సగమే ఉందంటే, తగ్గిన బరువుకి సరిపడా ఇసుక మూట డిక్కీలో పెట్టాకే టేపు తీశాడు.

చక్రం నడిమధ్య నుంచి మడ్ గార్డు అంచుకు కొలత. ఎడమ ముందు, కుడి ముందు, ఎడమ వెనక, కుడి వెనక. కుడి ముందు మూల మళ్ళీ ఎక్కువ చూపించింది. ఎప్పుడూ అదే మూల. మెలిస్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత జాకీ వేసి ఆ రింగును రెండు చుట్లు కిందికి తిప్పి, కారు దించి, దొర్లించి, ఊపి, మళ్ళీ కొలిచాడు. ఇలా ఐదుసార్లు. నాలుగు మూలలూ కలిసేసరికి అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చక్రాలను పట్టి ఉంచే కింది ఇనుప చేతుల బోల్టులు అప్పటిదాకా వదులుగానే ఉంచాడు. కారు గాల్లో వేలాడుతుండగా వాటిని బిగిస్తే లోపలి రబ్బరు మెలితిరిగి నెలకే చిరిగిపోతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకే, బల్లిలా కిందికి పాకి, ఒక్కొక్కటీ బిగించాడు.

గురువారం పొద్దున ఐచురెక్ పది కిలోమీటర్లు తిప్పి తెచ్చింది. స్ప్రింగులు మూడు మిల్లీమీటర్లు కూర్చున్నాయి. మళ్ళీ కొలిచి, సరిచేసి, లాకు రింగులు బిగించి, దీపాల వెలుగు గోడ మీద ఎక్కడ పడుతోందో చూసి సర్దాడు. సీటు ఎత్తు సరిగ్గా యాభైరెండు.

"వెళ్ళొస్తా బాబాయ్," అని ఆమె కారు తీసింది. కారు గేటు దాటాకే మెలిస్‌కు గుర్తొచ్చింది, ఎవరూ ఆ అమ్మాయికి నాన్ అందించలేదని. ఎంత తొందరలో ఉన్నవాడైనా గడప దాటేముందు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకునే వెళ్ళాలి. శత్రువునైనా అలాగే పంపుతారు మనవాళ్ళు.

శనివారం పొద్దున ఆ నీలం కారు మళ్ళీ వచ్చింది. కుడి ముందు మూల కొద్దిగా కిందికి దిగి ఉంది.

"బాబాయ్, ఎక్కడం బ్రహ్మాండం. జారుడుబల్ల మీద జారినట్టు లోపలికి వెళ్ళిపోతున్నా. దిగడమే రావట్లేదు. సీటు ఒక సెంటీమీటరు కిందికి పోయింది. నా భుజాలకి సెంటీమీటరంటే కొండే. నిన్న ఇంటి ముందు నలభై నిమిషాలు కార్లోనే కూర్చున్నా. ఆఖరికి మళ్ళీ తొక్తగులే."

"నాలుగోది," అన్నాడు ఉర్మత్ వెనక నుంచి. ఈసారి అరవలేదు. అరిచినా బాగుండేది. "అన్నా, స్పానరు ఇలా ఇచ్చెయ్."

మెలిస్ ఇచ్చేవాడే. చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. కానీ ఐచురెక్ ఊరుకోలేదు.

"ఆగండి. ఎవరి లెక్క తప్పిందో తేలకుండానే శిక్షా? మా ఆరో తరగతి పిల్లలు కూడా ఇలా చెయ్యరు. ముందు కారును మొన్న పెట్టిన చోటే పెడతాను. ఈసారి నన్నెవరూ ఎత్తడానికి వీల్లేదు. నా కుర్చీ లోపలికి రావాలి. నేను నా కుర్చీలోనే కూర్చుంటాను."

ఉర్మత్ ఏదో అనబోయేలోపే మెలిస్ కింద రంపపు పొట్టు చల్లి, నూనె తుడిచి, చోటు చేసేశాడు. ఆమె కారు లోపలికి తెచ్చి ఆపింది. పక్క సీట్లోంచి కుర్చీ చట్రం తన మీదుగా లాక్కుని కిందికి దించి, చక్రాలు తగిలించి, పలక వేసుకుని, ఒక్క ఊపులో కుర్చీలోకి వచ్చేసింది. ఎవరి చెయ్యీ తగల్లేదు.

"చూశారా?" అంది, తానే ఆశ్చర్యపోతూ. "ఇక్కడ దిగగలిగాను. ఇంటి దగ్గర దిగలేకపోయాను. చూద్దామని వెళ్తే బడి ముందు కూడా దిగలేకపోయాను."

"మీ వీధి వాలుగా ఉంటుంది," అన్నాడు ఉర్మత్.

"రెండు చోట్లా వాలేనా?"

మెలిస్ ఆమెకు టీ పోసిచ్చాడు. పియాలా నిండుగా ఉండడంతో ఆమె రెండు చేతులా అందుకుంది. చక్రాల మీంచి చేతులు తీసింది, అంతే. కుర్చీ దానంతటదే కదిలింది. ముందు వెంట్రుకవాసి, తర్వాత బెత్తెడు, తర్వాత జానెడు. కారు కుడి ముందు చక్రాన్ని దాటుకుని గోడవైపు నెమ్మదిగా పోయి, అక్కడ సిమెంటులో అచ్చుపడిన ఒక అరచేతి గుర్తు దగ్గర ఆగింది. ఆ అచ్చు అసనాలిది. నేల పోసిన రోజు పచ్చి సిమెంటు మీద అద్దిన చెయ్యి.

ఐచురెక్ టీ ఒక గుక్క తాగింది. "మీ నేల నన్ను లాక్కుపోతోంది, బాబాయ్. మీరు కాళ్ళ మీద నడుస్తారు, మీకు తెలీదు. నేను చక్రాల మీద బతికేదాన్ని. నేల సంగతి నన్నడగండి."

మెలిస్ పాత బేరింగులోంచి ఒక ఉక్కు గోళీ తీసి కింద పెట్టాడు. అదీ అక్కడికే పోయింది. అతను లేచి ఆఫీసు గుమ్మం దగ్గరికి నడిచి, ఫొటో కింద మేకు నుంచి గొట్టం తీశాడు.

"ఏం చేస్తున్నావ్?" ఉర్మత్ గొంతు ఒక్కసారిగా లేచింది. "ఎవరి గొట్టం అది? మా నాన్న నేలకే పరీక్ష పెట్టే మొనగాడివయ్యావా? ఆయన చేత్తో పోసిన నేల ఇది. పాతికేళ్ళుగా ఈ నేల మీద పనిచేశారు జనం. ఎవడూ దీన్ని అనుమానించలేదు!"

"పరీక్ష నేలకి కాదు, తమ్ముడూ," అన్నాడు మెలిస్. "నాకు."

గొట్టానికి పట్టిన దుమ్ము కడిగి, కెటిల్‌తో నీళ్ళు పోసి, బుడగలు పోయేదాకా వేలితో తట్టాడు. ఒక కొస ఐచురెక్ చేతికిచ్చాడు. ఆమె ఎడమ చక్రం దగ్గర పట్టుకుంది, అతను కుడి చక్రం దగ్గర పట్టుకున్నాడు. నీళ్ళు కాసేపు ఊగి నిలిచాయి. అతను టేపు పెట్టి చదివాడు, ఆమె తన అంకె చెప్పింది. తేడా పదకొండు మిల్లీమీటర్లు.

ఉర్మత్ వచ్చి ఆ కొస అతని చేతిలోంచి లాక్కున్నాడు. తనే పట్టుకుని, తనే కొలిచాడు. పదకొండే. ఇంకోసారి కొలిచాడు. పదకొండే. చేతిలో గొట్టం అలాగే ఉండగా గొంతుక్కూర్చుని తండ్రి అరచేతి అచ్చు మీద తన చెయ్యి పెట్టాడు. ముప్పయ్యేడేళ్ళ మనిషి మొహం పదేళ్ళవాడి మొహంలా అయిపోయింది. పాపం, తండ్రిని తప్పు పట్టాల్సి రావడం కంటే నాలుగు వేళ్ళు పోగొట్టుకోవడమే నయమనుకునే రకం వాడు.

ఇప్పుడు అనొచ్చు మెలిస్. మూడు నెలలుగా మింగిన మాటలన్నీ వరసగా అప్పజెప్పొచ్చు. నేనైతే అనేవాణ్ణి. అతను మాత్రం సుత్తి తిరగేసి పట్టుకుని, కర్ర కొసతో నేల తడుతూ పోయాడు. టక్, టక్ మన్న నేల కుడి గోడ దగ్గరికొచ్చేసరికి డబ్ మంది. లోపల డొల్ల. గోడ అడుగున చెమ్మ, వేలు దూరేంత చీలిక. గోడకు అవతల పక్క కిందటి శరదృతువులో పెట్టిన కార్లు కడిగే దుకాణం. పొద్దస్తమానం అక్కడ నీళ్ళు పారుతూనే ఉంటాయి.

"ఆ రోజు నీళ్ళు మోసింది నేనే, ఉర్మత్," అన్నాడు. "నువ్వు అప్పుడు ఆ గుమ్మంలో కూర్చుని పుచ్చకాయ తింటున్నావు. నాలుగు మూలలా మీ నాన్న ఈ గొట్టమే పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన నేల సరిగ్గానే పోశాడు. కింద మట్టిని నీళ్ళు తినేశాయి. నిలబడ్డ మనమే కిందికి చూళ్ళేదు. పెద్దాయన నేల కదా అని దణ్ణం పెట్టాం గానీ, ఆయన చేసిన పని ఒక్కటి చెయ్యలేదు. ఏటా ఒకసారి ఈ గొట్టం దించి నీళ్ళు పోసేవాడాయన. గుర్తుందా?"

ఉర్మత్ తల ఊపాడు.

మెలిస్ పాత రేకు ముక్కలు కత్తిరించి కుడి ముందు చక్రం కింద ఒకదాని మీద ఒకటి పేర్చాడు. గొట్టం పెట్టి చూసి, ఒక రేకు తీసి, ఇంకో పల్చటిది పెట్టి, నాలుగు చక్రాల కిందా నీళ్ళు ఒక్క గీత మీద నిలిచేదాకా వదల్లేదు. ఐచురెక్ పలక మీదుగా జరిగి స్టీరింగు ముందు కూర్చుంది. తర్వాత మెలిస్ కుడి ముందు రింగును వెనక్కి, పైకి తిప్పాడు. మూడు రోజుల కిందట ఐదుసార్లు పట్టిన పని ఈసారి రెండుసార్లతో అయిపోయింది. నాలుగు మూలలూ కలిశాయి. చేతికి వంకలేదని అతనికి అప్పుడు తెలిసింది. రింగు బిగిస్తూ కారు కింద ఒక్కడే నవ్వుకోవడం బయటికి కూడా వినిపించింది.

"ఒకసారి తిప్పి చూసుకో తల్లీ. చదునుగా ఉన్నచోట ఆపి, దిగి చూడు."

కారు గేటు దాటింది. ఉర్మత్ ఫోను తీసి కెనెష్ నంబరు కొట్టాడు. "కారు తీసుకురా. ఈరోజే... కాదు, మెలిసన్న చెయ్యి కాదు. చెప్తున్నాగా, ఆయన కట్టింది సరిగ్గానే ఉంది. తేడా మా నేలలో ఉంది." అవతలివాడు ఏదో అడిగాడు. ఉర్మత్ గోడ మీది ఫొటో వైపు చూశాడు, మళ్ళీ కిందికి చూశాడు. "అవును. మా నాన్న పోసిందే. కుంగింది. నేను చూసుకోలేదు."

మిగతా ఇద్దరికీ కూడా అలాగే ఫోను చేశాడు. మూడోసారి, అవతలివాళ్ళు అడక్కముందే, నేల సంగతి తనే చెప్పాడు.

ఈలోగా నీలం కారు రోడ్డు చివర మలుపు తిరిగి వచ్చి, ఎదురుగా ఉన్న తందూరు దుకాణం ముందు ఆగింది. డ్రైవరు తలుపు అటుపక్కన ఉంది, ఇక్కణ్ణుంచి కనిపించదు. కిటికీ అద్దంలోంచి ఆమె తల మాత్రం కనిపిస్తోంది. ఆ తల వంగింది, లేచింది. కుర్చీ చట్రం ఒకటి అద్దం వెనకాల అడ్డంగా కదిలింది. తర్వాత తల మాయమైంది.

ఒక నిమిషం గడిచింది. ఏమీ కనపడలేదు. "పడిపోయిందేమో!" అని ఉర్మత్ పరిగెత్తబోయాడు. మెలిస్ అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాడు.

కారు వెనక నుంచి కుర్చీ బయటికొచ్చింది. ఐచురెక్ తందూరు ముందు వరసలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళ వెనకాల ఆగింది. తన వంతు వచ్చాక బేరమాడింది, నవ్వింది, వేడి నాన్‌లు రెండు ఒళ్ళో పెట్టుకుంది. కార్లు ఆగేదాకా చూసి, రోడ్డు దాటి, గేటులోంచి షెడ్డులోకి వచ్చింది.

"ఏడాదిగా ఈ దారిన పోతున్నా," అంది, ఇంకా ఆయాసం తీరకుండానే. "ప్రతిసారీ ఆ వాసన వచ్చేది. ఒక్కసారీ ఆగలేదు. నాన్ కోసం తొక్తగుల్‌ని ఎత్తమని అడుగుతామా చెప్పండి?" అని, ఒక నాన్ తీసి ఉర్మత్ వైపు చాపింది. "మొన్న నేను వెళ్ళేటప్పుడు ఎవరూ నాన్ పెట్టలేదు. అందుకని నేనే తెచ్చుకున్నా. తుంచండి, తిని వెళ్తాను."

ఉర్మత్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుని, వంగి, రెండు చేతులతోనూ అందుకున్నాడు. మొదటి ముక్క ఆమెకు ఇచ్చాడు. రెండోది తుంచి మెలిస్ వైపు తిరిగాడు.

"తీసుకోండి అన్నా," అన్నాడు. "వేడిగా ఉంది, చూసుకోండి."

మెలిస్ తీసుకుని తిన్నాడు. తింటూ తింటూ బల్ల సొరుగు లాగి, కొత్త టేపు అందులో పడేసి, పాతది జేబులో వేసుకున్నాడు.